పంతులు లెక్క, తొట్టి నీళ్లు

కురహాషి గెంపాచికి వచ్చిన గణితం పిసరంత, దాని మీద పెంచుకున్న టెక్కు కొండంత. ఎదో అనే మహానగరంలో మూడేళ్లు ఎవరో పెద్ద గురువు ఇంట్లో వెనక వరసలో కూర్చుని వచ్చి, షినానో కొండల్లో బడి పెట్టాడు. ఎనిమిది మంది నడివయసు రైతులు లెక్కలు కట్టే పూసల చట్రాలు చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు. మట్టి పిసికే చేతులకు లెక్కలేమిటని వాళ్ల ముఖం మీదే అనేవాడు. వాళ్లు తెచ్చిన ముల్లంగి ఊరగాయ మాత్రం లొట్టలేసుకుంటూ తినేవాడు.

ఆ ఏడాది కోతలయ్యాక గుళ్లో లెక్కల పలక కడతానని చాటించాడు. పలక కట్టడమంటే లెక్కా జవాబూ రాసి వేలాడదీసి, నలుగురినీ తప్పుపట్టమని పిలవడమే. లెక్క ఇది: గుండ్రటి మొద్దును అడుగున సరిగ్గా మధ్యగీత నుంచి, పక్కనున్న పై అంచు దాకా ఏటవాలుగా కోస్తే ఊడివచ్చే ముక్క ఎంత? మొద్దులో నాలుగో వంతు అని రాయించాడు. సగంలో సగం కదా అనుకున్నాడు, అంతకు మించి బుర్ర పెట్టలేదు. పైగా అంతకంటే తక్కువ చెప్పిన పొరుగూరి పంతుల్ని కిందే మందమతి అని రాయించాడు. ఇక అది తప్పని తేలితే బడికి తాళమే.

పలక పెరట్లో ఆరుతుండగా స్నానాల తొట్టికి వెదురు పట్టీ బిగించడానికి ఓషిమో వచ్చింది. మొగుడు పోయాక ఊరందరికీ తొట్లు కట్టిపెడుతున్నది ఆమే. శిష్యులు పలక చదివి వినిపించారు.

"నాలుగో వంతు రాదండీ పంతులుగారూ. ఆ ముక్క వెడల్పున్న చోట పలచన, మందంగా ఉన్న చోట ఇరుకు. సగంలో సగం ఎట్లా అవుద్ది?"

"పట్టీలు బిగించుకునేదానివి, నీకెందుకే గణితం?"

"గణితం నాకేం తెలుసండీ, నీళ్లు తెలుసు."

పైనా కిందా ఒకే వెడల్పుండి, సరిగ్గా పది షోల కొలత నీళ్లు పట్టే తొట్టి తెచ్చింది. అడుగున మధ్యగా బొగ్గుతో గీత గీసి, నిండా నీళ్లు పోసి, మెల్లగా వంచింది. నీళ్లు పోయిపోయి గీత దాకా అడుగు బయటపడగానే ఆపింది. మిగిలిన నీళ్లే ఆ ముక్క. షో కొలతతో కొలిస్తే రెండు నిండి, పైన ఓ చిన్న గిన్నెడు వచ్చాయి. పంతులు లెక్కకు రెండున్నర రావాలి.

గెంపాచికి తప్పని తెలిసిపోయింది. రంగింకా పచ్చిగానే ఉంది, రెండు వరుసలు గీకేస్తే పోయేది. ఆ పాటి సిగ్గు కూడా లేదు ఆ మనిషికి.

"నీ తొట్టే వంకర!" అని అరిచాడు.

"వంకరా? ఏదీ, కొలిచి చెప్పండి."

కొలవలేదు. ఎగిరి ఒక్క తన్ను తన్నాడు. పట్టీ తెగి చెక్కలు పెరడంతా చెదిరాయి.

"సరేనండీ," అంది ఓషిమో. "ఊళ్లో ఇంటింటికీ తొట్టి ఉంది, అన్నీ నేను కట్టినవే. ఎన్నని తంతారు?"

శిష్యుల్లో పెద్దవాడు పూసల చట్రం కింద పెట్టి, వంగి చెక్కలు ఏరసాగాడు. మిగతా ఏడుగురూ వంగారు. అన్నీ ఏరి, ఆమె వెంట మోసుకుంటూ వెళ్లిపోయారు.