పొగ లేని బండి, తెల్ల నూలు

మా ఇంట్లో రైలు హారన్ వినిపిస్తే ఎవరూ రైలు వైపు చూసేవాళ్ళు కాదు. పెరట్లోకి ఉరికేవాళ్ళం.

వరంగల్ దాటగానే డోర్నకల్ వైపు పోయే పట్టాల పక్కనే మా ఇల్లు. జంపఖానాలు నేసే ఇల్లు. మగ్గం నాన్నది, నూలు అమ్మది. గంజి పెట్టిన నూలును అమ్మ కట్టలు కట్టలుగా పెరట్లో దండెం మీద ఆరేసేది. ఆ కట్టల్నే మేం చిలపలంటాం. పట్టాల మీద కరెంటు తీగలు నేను పుట్టకముందే వచ్చాయట. వచ్చి ఏం లాభం? వాటి కిందే డీజిల్ ఇంజన్లు కూడా నల్లగా పొగ కక్కుకుంటూ పోయేవి. ఆరీ ఆరని గంజి నూలుకు మసి పట్టిందంటే ఇక అంతే. ఉతికితే గంజి పోతుంది గానీ మసి పోదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆ పని నా చేతికొచ్చింది. అమ్మ పొయ్యి దగ్గర ఉంటే, హారన్ వినగానే నేను చిలపలు గుంజి వసారాలో పడేయాలి. పని చిన్నదే. కానీ నాకు రైలంటే పిచ్చి. ఒకరోజు ఒక గూడ్సు బండి రెండు ఇంజన్లు తగిలించుకొని వచ్చింది. రెండు ఇంజన్ల బండిని నేను అంతకుముందు చూడలేదు. నోరు తెరుచుకొని డబ్బాలు లెక్కపెడుతూ నిలబడిపోయాను. చివరి డబ్బా పోయాక వెనక్కి తిరిగి చూస్తే, నూలు మీద నల్ల నువ్వులు చల్లినట్టు చుక్కలు.

అది ఒక పెళ్ళి హాలువాళ్ళకు నిండు తెల్ల జంపఖానాలు నేసిస్తామని ఒప్పుకున్న నూలు. ఆ ఆర్డరు తెచ్చిన సేటు వచ్చి ఒక చిలప ఎత్తి చూశాడు. దాన్ని కింద పెట్టి వెళ్ళిపోయాడు. అమ్మ నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. ఆ నూలంతా తొట్టిలో నీలం రంగులో ముంచుతూ, "ఇగ నువ్వు నూలు జోలికి రాకు బిడ్డా, నేనే చూసుకుంట" అంది. అన్నట్టే ఇరవై ఏళ్ళపాటు తనే చూసుకుంది. నిండు తెల్ల ఆర్డరు మళ్ళీ ఒక్కటి కూడా ఒప్పుకోలేదు. చారలకు సరిపడా తెల్ల నూలు మాత్రం ఆరేసేది, హారన్ వినగానే తీసేసేది.

అమ్మది అంత మొండితనం. నా మొండితనం ఎక్కడినుంచి వచ్చిందో మా వాడలో ఎవరినీ అడగక్కర్లేదు. ఐటీఐ చదివి, పరీక్షల మీద పరీక్షలు రాసి, చివరికి కరెంటు ఇంజన్‌లో అసిస్టెంటుగా చేరాను. మొదటిసారి క్యాబ్‌లోకి ఎక్కిన రోజు నా కాళ్ళు నేల మీద లేవు. సిగ్నల్ కనపడగానే నేను చెయ్యి చాపి "గ్రీన్" అని గట్టిగా చెప్పాలి. నడిపే సారు కూడా చెయ్యి చాపి అదే మాట తిరిగి అనాలి. మొదటి గ్రీన్‌కు నేను అరిచిన అరుపుకు సారు ఉలిక్కిపడి, "అమ్మాయీ, నేను పక్కనే ఉన్న, స్టేషన్‌ల లేను" అన్నాడు.

డీజిల్ ఇంజన్ దిగొస్తే ఇంట్లోవాళ్ళు మొహం చూసి గుర్తుపట్టకపోయేవాళ్ళని ఆ సారే చెప్పాడు. నేను డ్యూటీ దిగాక తెల్ల దస్తీతో మొహం తుడుచుకొని, దాన్ని అమ్మ ముందు పరిచాను. చెమట మరక తప్ప ఏమీ లేదు.

"నీ దస్తీకి గంజి లేదు గదా" అంది అమ్మ.

ఇంకో రోజు బ్రేకు సంగతి తెలిసింది. అది అమ్మకు చెప్పేదాకా నాకు ముద్ద దిగలేదు. బండిని లాగే మోటార్లే, బండి నెమ్మదించేటప్పుడు కరెంటు పుట్టించి పై తీగకు తిరిగి ఇచ్చేస్తాయి. అదే తీగ కింద పోయే ఇంకో బండి దాన్ని వాడుకుంటుంది. అమ్మ చెయ్యి ఆపి విన్నది.

"మనకు గంజి మిగిలితే పక్కింటోళ్ళ తొట్లె పోస్తం జూడు. గట్లనా?"

"అచ్చం గట్లనే."

"మరి అసలు కరెంటు యాడికెళ్ళి వస్తాంది?"

ఆ వారమంతా మేం డోర్నకల్ వైపు నుంచి తెస్తున్నది బొగ్గు. ఆ బొగ్గు పోయేది కరెంటు పుట్టించడానికే. ఆ మాటే చెప్పాను.

"అంటే నీ పొగను నువ్వే మోసుకపోతానవు" అని అమ్మ పడీ పడీ నవ్వింది.

నాకు ఒళ్ళు మండింది. నిజం కాబట్టి ఇంకా మండింది. "జర ఆగు. స్టేషన్ కప్పుల మీద సోలార్ పలకలు పెడుతాండ్రు. ఎండతోని వచ్చే కరెంటు పెరిగినకొద్ది బొగ్గు తగ్గుతది."

"తగ్గనీ. అందాక నా నూలు నేను తీస్తనే ఉంట."

తీసింది కూడా. మా ఇంటి మీదుగా పోయినప్పుడల్లా క్యాబ్ కిటికీలోంచి చూసేదాన్ని. మా హారన్ వినగానే అమ్మ బయటికొచ్చి, పొగగొట్టమే లేని ఇంజన్ ముందు, చిలపలన్నీ గుంజుకొని లోపలికి పోయేది. ఒక్కసారి కూడా తలెత్తి చూసేది కాదు. ఇంటికొచ్చి గొడవ పెట్టుకుంటే, "తెలుసు బిడ్డా, చేతులు మాట ఇంటలేవు" అనేది. నాన్న మగ్గం గుంటలోంచి "మీ పంచాయితీ తెగది గని, అన్నం పెట్టుండ్రి" అనేవాడు.

పోయిన ఏడాది నేను సొంతంగా బండి నడిపే రోజు వచ్చింది. సరిగ్గా ఆ వారమే అమ్మ ఒక పెళ్ళి హాలువాళ్ళ నిండు తెల్ల ఆర్డరు ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో చెప్పలేదు, నేను అడగలేదు. పొద్దున్నే నాకు టిఫిన్ డబ్బా కడుతుంటే అన్నాను.

"అమ్మా, ఇయ్యాల బండి నాది. పది దాటినంక వస్త. మోసేది బియ్యం, మూసిన డబ్బాలు. నూలు తియ్యకు."

అమ్మ డబ్బా మూత బిగించింది. "దండెం మీద హాలోళ్ళ నూలు ఉంటది" అంది. ఔననలేదు, కాదనలేదు.

కాజీపేటలో ఎక్కాను. ఫోన్ ఆపేసి సంచిలో పెట్టాను. లివర్ ముందుకు తోస్తే అంత పెద్ద బండి మెల్లగా కదిలింది. నా చేతి కింద కదిలింది. ఆ సంతోషం ఎలాంటిదో చెప్పాలంటే నాకు ఇప్పటికీ మాటలు చాలవు. వరంగల్ స్టేషన్ దాటాక మా ఇంటికి ముందు ఒక వంపు ఉంది. ఆ వంపు దగ్గర హారన్ కొట్టాలని బోర్డు ఉంటుంది. కొట్టకుండా పోదామా అని ఒక్క క్షణం దొంగబుద్ధి పుట్టింది. ముందు గేటుంది, మనుషులుంటారు. కొట్టాను. పొడుగ్గా కొట్టాను.

వంపు తిరగగానే మా పెరడు కనిపించింది. దండెం ఈ కొస నుంచి ఆ కొస దాకా తెల్లగా ఉంది. ఒక్క చిలప కూడా కదల్లేదు. పక్కనే అమ్మ నిలబడి ఉంది, రెండు చేతులూ కొంగులో గట్టిగా చుట్టుకొని. వినని చేతుల్ని కట్టేసుకుంది. తలెత్తి నా ఇంజన్‌నే చూస్తోంది.

"గ్రీన్" అన్నాడు నా అసిస్టెంటు, చెయ్యి చాపి. నేను తిరిగి అనాలి. నా కళ్ళు ఇంకా దండెం మీదే ఉన్నాయి.

"మేడమ్, గ్రీన్."

"గ్రీన్" అన్నాను. కళ్ళ నీళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

మర్నాడు డ్యూటీ దిగి సంచి కూడా దించకుండా పెరట్లోకి పోయాను. అమ్మ ఒక చిలప విప్పి ఎండకు పట్టి చూపించింది. తప్పు పట్టడానికి వచ్చిన సేటులా వెతికాను. ఒక్క చుక్క లేదు. అమ్మ దాన్ని మళ్ళీ దండెం మీద సర్దింది.

"రేపు నేను రంగుల కోసం బజారుకు పోవాలె" అంది, నా వైపు చూడకుండానే. "నూలు నువ్వు చూసుకో బిడ్డా."