మధుకర్ షట్టర్ తాళం

దిల్‌సుఖ్‌నగర్‌లో మా గల్లీలో మధుకర్ షట్టర్ దించాడంటే దుకాణం మూసినట్టు కాదు. తాళం వేస్తాడు, లాగి చూస్తాడు, మెట్రో పిల్లర్ దాకా నడిచి వెనక్కి వస్తాడు, మళ్లీ లాగి చూస్తాడు. పిల్లర్ దగ్గర చాయ్ బండి పెట్టుకున్న భిక్షపతి, అతను మొదటిసారి వచ్చినప్పుడు చాయ్ పోయడు. తిరిగి వచ్చేసరికి చల్లారిపోతుందని.

నా పేరు సీతారాములు. నాది పక్క షాపు. చీరలకు ఫాల్ కుట్టి పీకో చేస్తాను. మధుకర్‌ది పోచంపల్లి చీరల దుకాణం. అక్కడ చీర కొన్నవాళ్లు ఫాల్‌కు నా దగ్గరికే రావాలి కాబట్టి అతని మంచి కోరడం నాకు అవసరం కూడా. అయినా ఈ తాళం సంగతి చూసి చాలా ఏళ్లు నవ్వుకున్నాను. ఇంత జాగ్రత్త గల మనిషి పక్కనున్నాడన్న ధైర్యంతో నా తాళం నేను సరిగా చూసుకునేవాణ్ణి కాదు.

ఆ జాగ్రత్త వాళ్లింట్లో తండ్రి నుంచి వచ్చింది. తండ్రి బ్రహ్మం పోచంపల్లిలో చిటికి కట్టేవాడు. నేయకముందే నూలు మీద రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పట్టీ బిగించి, ఆ తర్వాత రంగులో ముంచే పని అది. ఒక్క కట్టు జారినా మగ్గం ఎక్కేదాకా తెలియదు, తెలిశాక చేయగలిగిందేమీ ఉండదు. బ్రహ్మం కట్లన్నీ వేళ్లతో తడిమి చూసేవాడు. అన్నం ముందు కూర్చుని, లేచిపోయి మళ్లీ తడిమేవాడు. సేట్లు ఆయన చీరలను మడత విప్పకుండా తీసుకునేవారు. ఊరంతా నికార్సైన మనిషి అని మెచ్చుకుంది. అయితే ఆయన ఏ పెళ్లికీ పోలేదు. కట్టిన నూలును వదిలి గడప దాటలేకపోయేవాడు. భార్య కనకమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక్కతే పోయి, ఆయనకు పని తెగడం లేదని చెప్పి వచ్చేది. ఆయన సొంత తమ్ముడి పెళ్లిలో కూడా అదే చెప్పింది.

మధుకర్ మగ్గం పట్టలేదు గానీ ఆ గుణం మాత్రం పట్టుకొచ్చాడు. కొన్నవాళ్లు డబ్బు కట్టేశాక కూడా చీరంతా విప్పి, వెలుతురుకు పట్టి, కొస నుంచి కొస దాకా చూస్తే గానీ సంచిలో పెట్టడు. ఆడవాళ్లకు ఇది తెగ నచ్చుతుంది. తండ్రికి మర్యాద తెచ్చిన గుణం కొడుక్కి గిరాకీ తెచ్చింది. అలాంటిదాన్ని జబ్బని ఎవరంటారు?

వాళ్లిల్లు మన్సూరాబాద్‌లో. కూతురు రజిత చిన్నప్పుడే బడిసంచి సర్ది, విప్పి, మళ్లీ సర్దుకునేది. చుట్టాలు చూసి అచ్చం తాతేనన్నారు. మధుకర్ మురిసిపోయాడు. ఇంటర్‌కు వచ్చాక వారం వారం టెస్టులు మొదలయ్యాయి. రజిత ఓఎంఆర్ షీటులో ఒక గుండ్రం దిద్ది, ప్రశ్న నంబరు చూసి, షీటు మీద నంబరు చూసి, మళ్లీ ప్రశ్నకు వచ్చేది. గంట కొట్టేసరికి సగం షీటు ఖాళీ. దిద్దినవన్నీ కరెక్టే. కాలేజీవాళ్లు స్పీడు పెంచమన్నారు. మధుకర్ మాత్రం ఆగమాగం కావద్దని, ఇంకోసారి చూసుకోమని చెప్పాడు. పిల్ల తండ్రి మాట విన్నది.

తర్వాత గ్యాస్ మొదలైంది. గుమ్మంలో చెప్పులు వేసుకుని, గ్యాస్ బంద్ చేశానా అని తల్లిని అడిగేది. తల్లి వాసంతి చేశావనేది. మెట్లు దిగి, ఎక్కి వచ్చి మళ్లీ అడిగేది. కాలేజీ బస్సు ఎవరి కోసమూ ఆగదు. కొన్నాళ్లకు రజిత చెప్పులు వేసుకోవడమే మానేసి, అన్నానికి కూడా లేవకుండా దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది. వాసంతి పక్కన కూర్చుని బతిమాలితే ఒకటే మాట అన్నది.

"బంద్ చేసిన అని నాకు తెల్సు మమ్మీ. తెల్సినా అడుగుడు ఆగుతలేదు. మన ఇంట్ల అందరు మంచిగున్నరు, నేనొక్కదాన్నే ఖరాబైన."

ఆ మర్నాడు మధుకర్ ఒక చీరను విప్పకుండానే సంచిలో పెట్టి ఇచ్చేశాడు. అది చూసి నాకు భయమేసింది. ఏమైందని నేనే పోయి అడిగితే ఇంటి సంగతంతా చెప్పాడు.

ఎల్బీనగర్‌లో లలితకుమారి అని మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ ఉన్నారు. తోడు రమ్మంటే నేనూ పోయాను. ఆవిడ రజితతో చాలాసేపు విడిగా మాట్లాడి, తర్వాత మమ్మల్ని లోపలికి పిలిచారు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందాండీ?"

"ఎవ్వరికి లేదు మేడం. మాది మంచి ఖాందాన్," అన్నాడు మధుకర్.

అబద్ధమాడుతున్నానని అతనికి తెలియదు. మా దిక్కు ఆ ప్రశ్న సంబంధం చూడవచ్చినవాళ్లే అడుగుతారు. దానికి జవాబు పుట్టకముందే తయారై ఉంటుంది. రజిత తల ఇంకా కిందికి దించుకుంది.

డాక్టరమ్మ విడమర్చి చెప్పారు. ఈ తత్వం కొంత రక్తంలో వస్తుందట, కానీ రక్తమే అంతా తేల్చదట. తాళం వేశానా, గ్యాస్ కట్టేశానా అనే ఆలోచన ఎవరికైనా వస్తుంది. పోయి చూస్తే ప్రాణం నెమ్మదిస్తుంది. ఆ నెమ్మది మరిగి ఆలోచన మళ్లీ వస్తుంది. అందుకని మందు కొంత, సాధన ఎక్కువ. గ్యాస్ ఒక్కసారే కట్టేయాలి. భయం వేస్తే వేయనివ్వాలి, దానంతటదే తగ్గుతుంది. ఎవరినీ అడగకూడదు, అడిగినా ఎవరూ జవాబు చెప్పకూడదు. అన్నిటికీ మధుకర్ బుద్ధిగా తలూపాడు.

మెట్లు దిగాక మధుకర్ ఆగిపోయాడు. ఫైలు పైన మర్చిపోయామేమో చూసొస్తానని మళ్లీ ఎక్కాడు. మేమూ వెనకే ఎక్కాం. డాక్టరమ్మ గది తలుపు తీసి, కుర్చీల మీదా కిందా వెతికాడు. ఫైలు అతని చంకలోనే ఉంది. డాక్టరమ్మ ఫైలు వంక చూశారు, అతని వంక చూశారు.

రజిత చూసింది. "డాడీ, నీక్కూడనా?" అన్నది.

మధుకర్ కుర్చీలో కూలబడ్డాడు. ఫైలు ఒళ్లో పెట్టుకున్నాడు.

"మీ తాతకు గూడ బిడ్డా."

చనిపోయిన తండ్రిని బజారుకీడ్చినట్టు అనిపించిందని తర్వాత నాతో చెప్పి ఏడ్చాడు. రజిత మాత్రం ఆ రోజు ఇంటికి పోయి అన్నం పెట్టమని అడిగిందట.

తను గ్యాస్ ఒక్కసారి కట్టేస్తే తండ్రి షట్టర్ ఒక్కసారి వేయాలని రజిత షరతు పెట్టింది. మధుకర్ ఒప్పుకున్నాడు, వెంటనే దొంగదారి వెతుక్కున్నాడు. ఇంటి దారిలో నాకు ఫోన్ చేసి, మా తాళం జర చూడన్నా అనేవాడు. పిల్ల కనిపెట్టి నా షాపుకు వచ్చింది.

"అంకుల్, డాడీ ఫోన్ చేస్తే లేపకండి. తాళం దిక్కు చూడనే చూడకండి."

చూడకుండా ఉండటం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. భిక్షపతి మొదటిసారికే చాయ్ పోయడం నేర్చుకున్నాడు. రజిత మెల్లగా కాలేజీకి పోసాగింది. కొన్ని రోజులు పోయేది, కొన్ని రోజులు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేది.

ఎంసెట్ మధ్యాహ్నం పూట పడింది. సెంటర్ నాగోల్ దాటి ఎక్కడో. రజిత స్కూటర్ మీద కూర్చుని ఉండగా మధుకర్ షట్టర్ దించాడు, తాళం వేశాడు, లాగి కూడా చూడకుండా బండెక్కాడు. కాసేపటికి నా ఫోన్ మోగింది. అతనే. లేపలేదు. మళ్లీ మోగింది. మిషన్ గట్టిగా తొక్కాను.

సాయంత్రం నాలుగింటికి భిక్షపతి చాయ్ తెచ్చి, ఆ తాళం అట్ల వేలాడుతుందేందన్నా అన్నాడు. పోయి చూశాను. కొండీకి తగిలించాడు గానీ నొక్కలేదు. లోపల గోడ నిండా పట్టుచీరలు.  తాళం నొక్కాను, లాగి చూశాను, నా మిషన్ దగ్గరికి వచ్చి కూర్చుని, మళ్లీ పోయి లాగి చూశాను.

చీకటి పడక ముందే ఇద్దరూ వచ్చారు. మధుకర్ తాళం తీస్తూ, ఒక్కసారేసినా మంచిగనే పడిందని నాకు వినపడేలా అన్నాడు. అతను చాయ్ చెప్పడానికి పోయినప్పుడు నేను రజితతో ఉన్నమాట చెప్పేశాను. దాచడం నా వల్ల కాలేదు. రజిత, తండ్రి తెరిచిన షట్టర్ వైపు చూసింది.

"ఏమన్న పోయిందా అంకుల్?"

"ఏం పోలే."

"డాడీకి ఇప్పుడే చెప్పకండి. జర ఆగి నేనే చెప్త."

పరీక్ష ఎట్ల రాశావని అడిగాను.

"అన్నిటికి పెట్టిన. తప్పులు పోయినయేమో తెల్వది అంకుల్. మల్ల చూడలే."