చార్మినార్‌కు 'పాస్'

కర్రతో తట్టి చూడకుండా ఆగయ్య ఏ పైకప్పు కిందికీ పోడు. గోదావరిఖని బొగ్గుబావిలో ఆయన సర్దార్. కూలీలకంటే ముందు లోపలికెళ్లి, కర్రతో పైకప్పు తట్టి, గట్టి చప్పుడొస్తే 'పాస్' అనాలి. డొల్లగా మోగితే అందరినీ వెనక్కి తోలాలి. అంతవరకు బాగానే ఉంది. కానీ డ్యూటీ దిగినా ఆ మనిషి చేతిలోంచి కర్ర దిగదే!

బావమరిది ఎల్లేశం గృహప్రవేశానికి పోయి కొత్త స్లాబు తట్టాడు. "గీ మూల డొల్లున్నది బామ్మర్దీ, బంతి బయట ఎయ్యి" అన్నాడు. చుట్టాలంతా ఎండలో తిన్నారు. ఎల్లేశం ఏడాది దాకా మాట్లాడలేదు.

పైగా ఎక్కడికెళ్లినా ముందు తనే దూరతాడు. "ఆడోళ్లను ముందుగాల పోనియ్యాలన్న తెలివి లేదా నీకు?" అని భార్య అనసూర్య ముప్పై ఏళ్లుగా తిడుతూనే ఉంది.

పక్క క్వార్టర్ లింగమూర్తి భార్య చార్మినార్ ఎక్కొచ్చి చెప్పినప్పటి నుంచీ అనసూర్యకు ఒకటే కోరిక, తనూ ఎక్కాలని. వచ్చే నెల ఆగయ్య రిటైర్మెంట్. కంపెనీ ఖర్చుతో ఊరెళ్లే అవకాశం ఇదే ఆఖరు. కూతురు జమునను తీసుకుని ముగ్గురూ హైదరాబాద్‌లో దిగారు.

లాడ్జిలో తట్టాడు. పైగదివాళ్లు కిందికొచ్చి కొట్లాడారు. ఇరానీ హోటల్లో తట్టాడు. సున్నం పెచ్చు ఒకటి రాలి పక్కాయన చాయ్‌లో పడింది.

"బాపూ, నీకు దండం పెడ్త!" అంది జమున.

"సూసినవా, తట్టకపోతే ఎవలికి తెల్సు?" అన్నాడు ఆగయ్య గర్వంగా.

ఇలా తట్టుకుంటూ చార్మినార్ చేరేసరికి సాయంత్రమైంది. టికెట్లు ఇవ్వడం ఆపబోతున్నారు. కమాను కింద కర్ర ఎత్తగానే కాపలావాడు పరుగున వచ్చాడు.

"ఏం చాచా, నాలుగు వందల ఏండ్ల సంది నిలబడ్డది ఇది!"

"గందుకే నా ఫికర్. గన్నేండ్లల్ల ఎవడన్న తట్టి సూసిండా?"

దిగొచ్చాక ఇస్తానని కాపలావాడు కర్ర గుంజుకున్నాడు. చెయ్యి విరిగినట్టు ముఖం పెట్టి ఆగయ్య మెట్లెక్కాడు. షరా మామూలే, అందరికంటే ముందు!

ఇరవై మెట్లెక్కేసరికి అనసూర్య ఆగిపోయింది. ఇరుకు, చీకటి, గిరగిరా తిరిగే మెట్లు. గోడ పట్టుకుని కూలబడింది.

"నాతోని కాదు. మీరు పోండ్రి."

వెనకవాళ్లు "జల్ది, జల్ది" అంటున్నారు. ఇప్పుడు దిగిందా, ఇక ఈ జన్మకు ఎక్కేది లేదు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

పైనుంచి టక్ టక్‌మని వినిపించింది. ఆగయ్య వేలి కణుపులతో తడుతున్నాడు.

"పాస్! నాలుగు మెట్లు రా."

ఆమె లేచి నాలుగు మెట్లెక్కింది. మళ్లీ టక్ టక్. "పాస్! ఇంకో నాలుగు."

సగంలో ఆగి అడిగింది. "గింత చీకట్ల ముప్పై ఏండ్లు ఎట్ల చేసినవయ్యా?"

"ఏమున్నదే? పైకెల్లి కప్పు పడ్తె ముందుగాల సర్దార్ మీదనే పడాలె. ఎన్కున్నోళ్ల మీద పడొద్దు. గంతే డ్యూటీ."

అనసూర్యకు పెళ్లిళ్లలో, బస్సుల్లో, లాడ్జిలో తనకంటే ముందు దూరాడని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. అయ్యో, ఇంత మంచిమనిషిని ఎన్నెన్ని మాటలన్నాను అని సిగ్గుపడింది. పైకి మాత్రం అనలేదు. అంటే ఆ కర్రను ఇక పట్టుకోగలమా!

పైకెక్కి నగరమంతా కళ్లారా చూసింది.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది. నువ్వు గా గోడ తట్టుడు బంద్ చేస్తే ఇంకింత మంచిగుంటది."

మర్నాడు బస్టాండులో గోదావరిఖని బస్సు ఎక్కబోతుంటే అనసూర్య ఆయన చొక్కా పట్టి ఆపింది. చేతిలోని కర్ర లాక్కుని, తలుపు దగ్గర బస్సు కప్పును రెండుసార్లు తట్టింది. కండక్టర్ నోరెళ్లబెట్టాడు.

"గదేందే?" అన్నాడు ఆగయ్య.

"జర ఆగు" అంటూ ఆమె ముందు తనే బస్సెక్కి, కప్పు కింద నిలబడి చూసి, వెనక్కి తిరిగింది.

"పాస్! ఇగ రా."