సన్నబడ్డ ఏడాది

మా తమ్ముడు మామిడితోటల్లో కాపు అంచనా వేసేవాడు. పిందె గట్టిపడే రోజుల్లో రైతు కబురు పెడతాడు. వీడు వెళ్లి చెట్టు చెట్టుకీ తిరిగి, ఈ తోట ఇన్ని టన్నులు దిగుతుందని చెబుతాడు. ఆ మాట మీదే రైతూ వ్యాపారీ బేరానికి కూర్చుంటారు. తిరువూరు నుంచి విస్సన్నపేట దాకా వాడి మాటకు ఎదురుండేది కాదు. గట్టు మీద నిలబడి లెక్క చెప్పే ఘనులు ఇప్పుడు చాలామంది తయారయ్యారు, వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

యాభై దాటాక వాడికి ఒళ్లొచ్చింది. ఊరు సంతోషించింది. "ఇప్పుడు మనిషి నిండుగా ఉన్నాడు" అన్నారు. మూడో వరస చెట్ల దగ్గరే వాడికి ఆయాసం ముంచుకొచ్చేదని వాళ్లకు తెలియదు. కొమ్మ పట్టుకుని, తల పైకెత్తి, కాయలు లెక్కపెడుతున్నట్టు నిలబడేవాడు. తోడు వెళ్లిన నాకు తెలుసు. అప్పుడు వాడి కళ్లు మూసుకుని ఉండేవి.

బెజవాడలో ఒక డాక్టరు పరీక్షలన్నీ చేయించి, "గుండె బాగానే ఉంది. బరువు తగ్గండి, ఆయాసం తగ్గుతుంది" అన్నాడు. నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. మిగతా చదువంతా లైబ్రరీ బల్ల మీద, పాత పుస్తకాల్లో చదివిందే. అయినా ఆ సంగతి వాడికి విడమరిచి చెప్పాను. పొట్ట పెరిగితే ఊపిరితిత్తులు నిండా విచ్చుకోలేవు. గాలి పీల్చుకోవడానికే ఒంట్లో బలం చాలా పోతుంది, మిగిలినదానితో నడవాలి.

"అంటే అన్నయ్యా, ఇన్నాళ్లూ నేను బస్తా మోస్తా తోటలు తిరుగుతున్నానన్నమాట."

"దించరా మరి."

దించాడు. రాత్రి అన్నం మానేశాడు, టీలో పంచదార మానేశాడు, పెళ్లిభోజనాలకు వెళ్లి మజ్జిగ తాగి వచ్చాడు. పొద్దున్నే గంపలగూడెం రోడ్డు మీద నడక. మొదట్లో ఊరు దాటకుండానే కూలబడేవాడు. వానలు పట్టేసరికి నేను వెనకబడిపోయి "ఆగరా" అని పిలవాల్సి వచ్చింది. మరుసటి వేసవిలో పదెకరాల బంగినపల్లి తోట ఎక్కడా ఆగకుండా తిరిగాడు. చివరి చెట్టు కింద నిలబడి నాతో ఏదో చెబుతున్నాడు. ఊపిరి కోసం మాట ఎక్కడా తెగలేదు. ఏం చెప్పాడో నాకు గుర్తు లేదు, వింటూ నిలబడ్డది మాత్రం గుర్తుంది. అంత సంతోషం మా ఇంట్లో మళ్లీ రాలేదు.

మన దగ్గర లావెక్కితే దర్జా, చిక్కితే జబ్బు. ఎవరు రాశారో ఈ శాస్త్రం!

సోడా కొట్టు దగ్గర ఒక పెద్దమనిషి వాణ్ణి ఆపాడు. "ఏమయ్యా, ఇట్టా అయిపోయావేంటి? షుగరు బాగా ఎక్కువుందా?"

"షుగరు లేదండి. కావాలనే తగ్గాను."

"అందరూ అట్టాగే అంటారు. మా తోడల్లుడూ అదే అన్నాడు. ఆర్నెల్లు తిరక్కుండా పోయాడు. ఇంతకీ తగ్గమని ఎవరు చెప్పారు, లైబ్రరీలో పేపర్లు తిరగేసే మీ అన్నయ్యేనా?"

చుట్టాలు బత్తాయిలు పట్టుకుని పరామర్శకు రావడం మొదలుపెట్టారు. వాడి ఎదురుగానే గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. మా మరదలు ఒకరోజు నా దగ్గరకొచ్చి ఏడ్చింది. "బావగారూ, మీరు చదువుకున్నారు, మీకేం. వీధిలోకి పోలేకపోతున్నాను. నేను కూడు పెట్టడంలేదంటున్నారు."

అదీ ఓర్చుకున్నాడు. కబుర్లు రావడం ఆగిపోయినప్పుడు మాత్రం ఓర్చుకోలేకపోయాడు. ఏటా పిలిచే రైతు దగ్గరకు తనే వెళ్లి అడిగాడు. "మా తోట పెద్దది బాబూ" అన్నాడాయన, "మధ్యలో నీకేమన్నా అయితే ఆ మాట మాకొస్తుంది." రొప్పుతూ తిరిగినన్నాళ్లూ పిలిచిన మనిషి, చక్కగా నడిచే రోజున వద్దన్నాడు. ఆ సాయంత్రం మా తమ్ముడు పళ్లెం ముందు కూర్చుని మారు అన్నం అడిగాడట. మరదలు సంబరంగా నాకు చెప్పింది.

నేను వెళ్లి అరిచాను. పక్కన కూర్చుని రెండు మంచిమాటలు చెప్పాల్సింది. "ఊళ్లోవాళ్ల కోసం చస్తావా?" అన్నాను. వాడు తల ఎత్తలేదు. "తోట చూడకుండా నేనేం చేసేది అన్నయ్యా" అన్నాడు. కోపంతో రెండు నెలలు వాడి గడప తొక్కలేదు. ఆ రెండు నెలలూ వాడు పొద్దున్నే ఒంటరిగా కూడా నడవలేదని తర్వాత తెలిసింది.

రెండేళ్లలో ఒళ్లంతా తిరిగొచ్చింది, ఇంకాస్త ఎక్కువే వచ్చింది. కబుర్లూ తిరిగొచ్చాయి. ఈ ఏడు అదే రైతు ఆటో పంపించాడు. నేనూ ఎక్కాను. వాడు ఒక వరస నడిచి, రెండో వరస సగంలో మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగిపోయాడు. కింద కూర్చోబెట్టాను.

"నువ్వు చూసిరా" అన్నాడు, మూడు ముక్కలుగా.

వెళ్లాను. అన్ని చెట్లూ తిరిగాను. ఆకులు కనిపించాయి, కాయలు కనిపించాయి. ఎన్నని చెప్పను? నలభై ఏళ్లు వాడి పక్కన నడిచి, వాడు ఏం చూస్తున్నాడో ఒక్కసారి కూడా అడగలేదు. తిరిగొచ్చేసరికి రైతు వాడి ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఏదో ఒకటి చెప్పెయ్యవయ్యా" అంటున్నాడాయన. "నీ అంత అనుభవం ఎవరికుంది? మనిషివి కూడా మళ్లీ కోలుకున్నావు."

మా తమ్ముడు నా మొహం చూశాడు. నేను అడ్డంగా తలూపాను. వాడు చెట్టు పట్టుకుని లేచి, ఊపిరి అందేదాకా ఆగాడు.

"నేను చూడలేదండి" అన్నాడు. "ఇంకెవర్నైనా పిలిపించుకోండి."