చేతులు ఆగిన చోటు

తన పుస్తకాలు తనే అచ్చేసుకునే లోకనాథం ఏ కథనైనా ముందు పలాస షెడ్డులో జీడిపప్పు పొట్టు తీసే ఆడవాళ్లకు చదివి వినిపిస్తాడు. వాళ్ల చేతులు ఆగిన వాక్యాన్ని ఉంచుతాడు, ఆగని వాక్యాన్ని కొట్టేస్తాడు. కొత్తగా రాసేవాళ్లకు ఆయన చెప్పే కిటుకు ఇదొక్కటే. మొన్న, భావనపాడు సముద్రంలో మునిగిపోయిన నీలవేణి కథ చదివాడు. ఆమె పూర్తిగా ఆయన కల్పన. ఆ కాగితాలు అప్పటిదాకా ఎవరూ చూడలేదు. చివరిదాకా ఒక్క చెయ్యీ ఆగలేదు.

“బాగోలేదేటమ్మా?” అన్నాడు కళ్లజోడు తుడుచుకుంటూ.

“బాగుంది బాబూ, నిన్ననే ఇన్నాం. ఆ నీలవేణే వచ్చి సెప్పింది, ఆ పీట మీద కూకోని,” అంది పొట్టు తీస్తున్న గౌరీశ్వరి తలెత్తకుండా.

ఖాళీ పీట వైపు చూసి, తన నియమం ప్రకారం కథంతా కొట్టేయబోయాడు. కలం కాగితానికి ఆనగానే షెడ్డులో చేతులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.