ముందోడిదే తప్పు

మా ప్లంబరుకి ఒకటే జబ్బు. ఏ ఇంట్లో ఏ పని మీద చెయ్యి వేసినా, తనకంటే ముందు ఆ పని చేసినవాణ్ణి తిట్టనిదే సంచిలోంచి పానా తీయడు. నడుం మీద చేతులు పెట్టుకుని, కొళాయిని కాసేపు జాలిగా చూసి, "ఎవడండీ ఈ పని చేసింది?" అంటాడు. జవాబు కోసం ఆగడు. ఆ ముందు చేసినవాడు ప్లంబరే కాదని, వాడి చేతికి పానా ఇచ్చినవాణ్ణి అనాలని, వాడు తన ఇంట్లో కూడా ఇలాగే బిగించుకుంటాడా అని, పని అయ్యేదాకా ఏకధాటిగా సాగిస్తాడు. అందుకే మా వీధంతా అతన్ని ముందోడు అంటుంది. మా అందరి ఫోన్లలోనూ అతను అలాగే ఉన్నాడు.

ముందోడు దొరక్కముందు మేం పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు. ఒకాయన ఫోన్ చేసినప్పుడల్లా దారిలో ఉన్నానని చెప్పేవాడు. ఆ దారి ఎక్కడినుంచి ఎక్కడికో మాకు ఇప్పటికీ తెలీదు. ఇంకొకాయన వంటింటి కొళాయి ఊడదీసి, వాషరు తెస్తానని చెప్పులు వేసుకుని వెళ్ళి, మళ్ళీ మా గుమ్మం ముఖం చూడలేదు. గోడలో చెమ్మ ఎందుకొస్తోందో చూడమని మూడో ఆయన్ని పిలిస్తే, చూడటానికి వీలుగా గోడకి కిటికీ అంత కన్నం పెట్టాడు. చివరికి ఎదురింటావిడ నా మీద జాలిపడి, నగల దుకాణం రహస్యం చెప్పినట్టు చెవిలో ముందోడి నంబరు చెప్పింది. తిడతాడు గానీ మనల్ని కాదు, పట్టించుకోవద్దు అని కూడా చెప్పింది.

వస్తానన్న వేళకే వచ్చాడు. అప్పుడే సగం ప్రేమ పుట్టింది నాకు. బాత్‌రూంలో షవరు పైపు కిందికి వంగి, దణ్ణం పెడుతున్నట్టు ఉంది. ముందోడు దాన్ని చూసి మొదలుపెట్టాడు. గోడలోకి దిగాల్సిన స్క్రూ గాలిలోకి దిగిందట. బిగించినవాడు పని చేస్తూ నిద్రపోయాడట. మా ఆయన పక్కనే నిలబడి, నేను మొదటినుంచీ అదే మొత్తుకుంటున్నానండీ అని తెగ తల ఊపారు. ముందోడు పైపు నిటారుగా నిలబెట్టి, కింద పడ్డ సిమెంటు ముక్కలు ఏరి, తన గుడ్డతోనే నేల తుడిచి వెళ్ళాడు. నేల తుడిచే ప్లంబరుని చూడటం అదే మొదలు. అతను ఎవర్ని తిట్టుకుంటే నాకేమిటి అనుకున్నాను.

వీధిలో అతని కథలకి కొదవలేదు. మూలింట్లో బ్యాంకు ఉద్యోగి పెట్టె విప్పని కొత్త కొళాయి తెచ్చి, తనే బిగిస్తే అది కారిందట. అక్కడ ముందు పనిచేసిన ప్లంబరే లేడు కాబట్టి ఈసారి ముందోడి నోరు మూతపడుతుందని అందరూ చూడటానికి వెళ్ళారు. అతను కొళాయిని తిప్పి చూసి, దాన్ని తయారుచేసిన ఫ్యాక్టరీలో ఎవడో బద్ధకస్తుడు ఉన్నాడని, వాడికి ఆ పూట తిండి సరిగా పెట్టలేదని అరగంట తిట్టాడు. వాన పడుతున్నప్పుడు ఆకాశం వైపు చూసి కూడా ఎవడండీ బిగించింది అంటాడేమో అని మా మరిది నవ్వేవాడు.

ఇక మా మామయ్యగారి గురించి చెప్పాలి. ఆయన సర్కారు గోదాముల్లో తనిఖీ అధికారిగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం పోయింది గానీ తనిఖీ పోలేదు. ఇంట్లో ఏది విరిగినా, పగిలినా, కారినా హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుని అందర్నీ ఒక్కొక్కరిగా పిలుస్తారు. గొంతు పెంచరు. అదే భయం. ఎవరు చేశారని కాదమ్మా, ఎలా జరిగిందో తెలుసుకుందామని, అంటారు. చివరికి ఎవరు చేశారో తేలేదాకా కుర్చీ దిగరు. తేలాక శిక్ష ఏమీ ఉండదు, ఆ సంగతి మర్చిపోకపోవడమే శిక్ష. పెళ్ళయిన కొత్తలో అత్తయ్యగారు విరగ్గొట్టిన రేడియో మీట గురించి ఇప్పటికీ కాఫీ తాగుతూ ప్రస్తావిస్తారు. అత్తయ్యగారు ఇప్పటికీ కప్పు ఠక్కున పెట్టి లేచిపోతారు.

అలాంటి ఇంటికి కొత్తగా వచ్చింది మా తోటికోడలు. నెమ్మదైన పిల్ల. చేతిలో మాత్రం మంచి పనితనం ఉంది. రంగురంగుల కొవ్వొత్తులు చేస్తుంది, వాసనవి, పువ్వుల్లాంటివి. ఒక కానుకల దుకాణం వాళ్ళు చూసి, మాకు వరసగా చేసిపెట్టమన్నారు. ఆ రోజు ఆ పిల్ల ముఖం చూడాలి. మేడమీద గదిలో పొయ్యి లేదు కనుక మైనం మా వంటింట్లోనే కరిగించాలి. మామయ్యగారు బాగా ఆలోచించి ఒప్పుకున్నారు. "దీనివల్ల ఇంటికి ఒక్క ఇబ్బంది వచ్చినా ఆ రోజుతో ఆఖరమ్మా. తర్వాత నన్ను ఏమీ అనుకోకూడదు" అన్నారు. ఆయన అన్నారంటే అన్నట్టే. ఆ పిల్ల అప్పట్నుంచి వంటింట్లో ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిరిగేది. మైనం గిన్నెలు పెరట్లోకి తీసుకెళ్ళి తుడుచుకునేది.

ఒకరోజు జోరున వాన. దుకాణం వాళ్ళేమో సాయంత్రానికల్లా కావాలన్నారు. పెరట్లోకి వెళ్ళే దారి లేక, హడావిడిలో గిన్నెలు సింకులోనే వేడినీళ్ళు పోసి కడిగేసిందట. మర్నాడు పొద్దున సింకు నిండా నీళ్ళు. ఎంత పొడిచినా చుక్క దిగదు. అత్తయ్యగారు పుల్లతో, నేను తీగతో యుద్ధం చేశాం. తోటికోడలు మాత్రం గోడకి ఆనుకుని నిలబడింది. హాల్లో కుర్చీ జరిపిన చప్పుడు వినబడింది. ముందోడికి ఫోన్ చేశాను.

అతను సింకు కింద దూరాడు, నేను టార్చి పట్టుకున్నాను. వంపు దగ్గర పైపు విప్పి, నీళ్ళు బకెట్లోకి వంచి, పైపుని బకెట్ అంచుకి రెండు దెబ్బలు కొట్టాడు. ఊదారంగు గడ్డ ఒకటి జారి పడింది. అచ్చం పైపు వంపు ఎలా ఉందో అలాగే ఉంది. పైగా గులాబీ వాసన. ముక్కున్న ఎవరికైనా అది ఎవరిదో చెప్పక్కర్లేదు. ముందోడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, నన్ను దాటి గుమ్మం వైపు చూశాడు. అక్కడ తోటికోడలు తలుపు పట్టుకుని నిలబడి ఉంది, ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఏం దొరికిందయ్యా?" అన్నారు మామయ్యగారు హాల్లోంచి.

ముందోడు ఆ గడ్డని గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుని గొంతెత్తాడు.

"ఎవడండీ ఈ పైపు వేసింది?"

మామయ్యగారు వంటింటి గుమ్మంలోకి వచ్చారు. "నువ్వేనయ్యా. మొన్న ఎండాకాలంలో."

నేను కళ్ళు మూసుకున్నాను. అయిపోయాం అనుకున్నాను. ముందోడు మాత్రం రెప్ప కూడా వేయలేదు.

"అదే చెప్తున్నానండీ. ఇలా వంపు పెడితే నీళ్ళెలా పోతాయి? వాడికి పని రాదు. అప్పుడే చూసుకోవద్దా? నేనైతే ఇలాంటివాణ్ణి గడప తొక్కనివ్వను."

తర్వాత తనని తాను తిట్టుకున్నంతగా ఆ వీధిలో ఇంకెవర్నీ తిట్టి ఉండడు. నాకే బాధేసింది, పాపం అంతలా అనుకోవాలా అని. మామయ్యగారు అంతా విని, తల పంకించారు.

"నిజమే. అయితే ఇకనుంచి తొక్కకు" అన్నారు.

ముందోడు సరేనండీ అన్నాడు. పైపు బిగించి, నేల తుడిచి, సంచి భుజాన వేసుకున్నాడు. పెరటి గుమ్మం దగ్గర తోటికోడలు కనబడితే ఆగి, గొంతు తగ్గించి, "వేడినీళ్ళు పోస్తే పైన కరుగుతుంది గానీ కిందికెళ్ళి గడ్డకడుతుందమ్మా. పాత కాగితంతో తుడిచేసి చెత్తబుట్టలో పడెయ్యి, చాలు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

గిన్నెలు తుడుస్తూ ఆ పిల్ల ఏడ్చింది, నా వల్లే కదక్కా అతని పని పోయింది అని. నాకు ఏడుపు రాలేదు. అప్పుడే బుర్ర వెలిగింది. మా షవరు పైపు ఎందుకు వంగిందో నాకు తెలుసు. దాన్ని పట్టుకుని వేలాడితే నడుంనొప్పి పోతుందని మా ఆయనకి ఎవరో చెప్పారు. మూలింటి బ్యాంకు ఉద్యోగి కొళాయిని తనే అడ్డంగా తిప్పి మరలు పాడుచేశాడని అతని భార్య నాతో చెప్పింది. ఇంట్లో తిట్లు తినాల్సినవాళ్ళు తినకుండా ఉండాలంటే, ఇంట్లో లేనివాడు ఒకడు కావాలి. మా ప్లంబరు ఆ ఒకణ్ణి పానాతో పాటు వెంట తెచ్చుకునేవాడు. నిజం చెప్పొద్దూ, అంతకాలం పొగరుబోతు అనుకున్న మనిషి మీద నాకు చచ్చేంత అభిమానం పుట్టుకొచ్చింది.

అభిమానం పుడితే మాత్రం ఏం లాభం, మనిషి గడప తొక్కకూడదు కదా. మళ్ళీ వేట మొదలైంది. కొత్తగా వచ్చిన ప్లంబరు మంచి పనివాడే. కాకపోతే ఉన్నదున్నట్టు చెప్పే రకం. బాత్‌రూం కొళాయి చూసి, దీన్ని ఇంట్లో ఎవరో బలంగా తిప్పేశారండీ అని, మామయ్యగారి ముందే చెప్పి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నమంతా కుర్చీ హాల్లోనే ఉంది. మా ఆయన ఆఫీసు మానేసి జవాబులు చెప్పారు. మా మరిది తన తప్పు కాదని చెప్పబోయి, అన్నగారి షవరు సంగతి కూడా బయటపెట్టాడు. అన్నదమ్ములిద్దరికీ మాటల్లేకుండా పోయాయి.

ఆ కొళాయి మళ్ళీ కారడం మొదలుపెట్టాక, ఈ ప్లంబర్లతో మనకెందుకని మామయ్యగారే రంగంలోకి దిగారు. బజారుకెళ్ళి తళతళలాడే పానా ఒకటి కొనుక్కొచ్చారు. ట్యాంకు దగ్గర వాల్వు కట్టాలనే సంగతి ఒక్కటి మర్చిపోయారు. కాసేపటికి బాత్‌రూంలోంచి ఒక కేక, వెనకే ధార. మేం పరిగెత్తి వెళ్ళేసరికి కొళాయి ఒక చేతిలో ఉంది, రెండో చేతి బొటనవేలు పైపుకి అడ్డంగా ఉంది, కళ్ళజోడు మీద నీళ్ళు కారుతున్నాయి. ఎవరికీ నవ్వే ధైర్యం లేదు. అత్తయ్యగారు మాత్రం హాల్లోకి వెళ్ళారు. కుర్చీ ఈడ్చుకొచ్చి బాత్‌రూం గుమ్మం ముందు వేసుకుని కూర్చున్నారు.

"ఎలా జరిగిందో తెలుసుకుందామని" అన్నారు.

నేను మేడెక్కి వాల్వు కట్టేలోపు తోటికోడలు ముందోడికి ఫోన్ చేసేసింది. అతను వచ్చి గడప బయటే ఆగాడు, లోపలికి రావచ్చో లేదో తెలీక. రావయ్యా, అని లోపల్నించి నీరసంగా వినబడింది. ముందోడు వచ్చి తడిసి ముద్దయిన మామయ్యగార్ని చూశాడు, ఆయన చేతిలో స్టిక్కరైనా ఊడని పానాని చూశాడు, కొళాయి నిండా పానా కొరికిన గాట్లు చూశాడు. కుర్చీలో అత్తయ్యగార్ని కూడా చూశాడు. నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఎవడండీ ఈ పని చేసింది?"

మామయ్యగారు నోరు తెరిచారు. ముందోడు ఎప్పట్లాగే జవాబు కోసం ఆగలేదు. "ఆ మధ్య వచ్చి వెళ్ళాడే, వాడే. మరలన్నీ అరగదీసి పోయాడు. పెద్దాయన అడ్డం పెట్టి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి హాలంతా చెరువే."

మామయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని అతన్ని చూశారు. "అవును, వాడే" అన్నారు చివరికి. "వాడికి పని రాదు" అని కూడా అన్నారు. అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీలోంచి లేచారు.

పని అయ్యాక, ఆరిన బట్టలు కట్టుకుని మామయ్యగారే ముందోడికి కాఫీ అందించారు. కప్పులో చక్కెర కలుపుతూ, మామూలుగా అడిగినట్టే, ఆ రోజు వంటింటి పైపులో అసలేం దొరికిందని అడిగారు. ఏముంటుందండీ, నా చేతగానితనం, అన్నాడు ముందోడు. తోటికోడలు ఇక ఉండబట్టలేకపోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపబోతే విడిపించుకుని ముందుకొచ్చింది.

"అది మైనం మామయ్యగారూ. గిన్నెలు నేనే సింకులో కడిగాను. ఈయన తప్పేం లేదు."

మేడమీద దుకాణానికి వెళ్ళాల్సిన పెట్టెలు కట్టి సిద్ధంగా ఉన్నాయి. ఇక వాటితోనే ఆఖరు అనుకున్నాను. ఆ పిల్ల కూడా అదే అనుకుని, కళ్ళు దించుకుని నిలబడింది. మామయ్యగారు కప్పు కింద పెట్టారు.

"ఏ పైపమ్మా?" అన్నారు. "అది అప్పుడే తేలిపోయింది కదా. ఈయన ఒప్పుకున్నాడు, నేను విన్నాను. తేలిపోయినదాన్ని తిరగదోడే పద్ధతి మా ఆఫీసులో లేదు."

ఆ పిల్లకి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక ఏడవబోయి నవ్వేసింది. మామయ్యగారు గొంతు సవరించుకుని, మేడమీద ఈ అమ్మాయికి వేరే సింకు పెట్టాలి, పొయ్యి కూడా అక్కడే పెట్టుకుంటుంది, పద చూద్దాం, అని ముందోణ్ణి లేవదీశారు. లేస్తూ బల్ల మీదున్న తన కొత్త పానా చేతిలోకి తీసుకున్నారు.

ముందోడు మెల్లగా దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని తన సంచిలో వేసుకున్నాడు. "ఇది నా దగ్గరుంటుందండీ. అవసరమైనప్పుడు మీరు ఫోన్ చెయ్యండి, తీసుకొస్తాను" అన్నాడు. మామయ్యగారు కిక్కురుమనకుండా అతని వెనకే మేడమెట్లు ఎక్కారు.