అమ్మవారున్న ఇంట్లో సూది

నాకు షుగర్ ఉందని తెలియగానే జనం అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. “చిన్నప్పుడు స్వీట్లు తెగ తినేదానివా అమ్మా?” తినేదాన్నే. రామచంద్రపురంలో మా వీధి పిల్లలందరూ తినేవాళ్ళు. వాళ్ళెవరికీ రాలేదు, నాకొక్కదానికే వచ్చింది. ఈ మాట చెబితే నమ్మరు, ఏదో దాస్తున్నానన్నట్టు చూస్తారు. మొదట్లో ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడైతే “అవునండీ, బస్తాలకి బస్తాలు తినేశాను” అనేసి నా దారిన నేను పోతున్నాను.

అసలు జరిగింది వేరు. నేను ఏడో తరగతిలో ఉండగా వానాకాలంలో జ్వరం వచ్చింది. అప్పుడు మా క్లాసులో సగం మంది అదే జ్వరంతో ఇళ్ళల్లో పడుకున్నారు. వైరల్ ఫీవరన్నారు. వీధి చివర డాక్టరు గారు ఒక ఇంజెక్షన్ చేసి మాత్రలిచ్చారు. జ్వరం తగ్గింది, స్కూలుకి వెళ్ళాను. కొన్నాళ్ళకి దాహం మొదలైంది.

చుట్టూ కొబ్బరి తోటలున్న ఊళ్ళో, జ్వరం పడి లేచిన పిల్లకి దాహమేస్తే ఏం చేస్తారు? బొండాలు దింపిస్తారు. మా మామ్మ, అంటే నాన్న తల్లి, ఆ పనికి నడుం కట్టింది. బొండం కొట్టించి, నీళ్ళు గ్లాసులో పోసి, నీరసం పోవడానికి గ్లూకోజు పొడి కూడా కలిపి, నేను ఆఖరి చుక్క తాగేదాకా పక్కనే నిలబడేది. తాగినకొద్దీ దాహం, దాహమేసినకొద్దీ బొండాలు. దసరా సెలవులు వచ్చేసరికి నా యూనిఫాం హ్యాంగరుకి తగిలించినట్టు వేలాడుతోంది. “పాడు జ్వరం, పిల్లని పీల్చి పిప్పి చేసేసింది” అంటూ మామ్మ ఇంకో బొండం కొట్టించేది. ఓ రోజు పొద్దున్నే వాంతులై, మాట ముద్దముద్దగా వచ్చి, మంచం మీద నుంచి లేవలేకపోయాను. కార్లో పడుకోబెట్టి రాజమండ్రి తీసుకెళ్ళారు.

అక్కడి డాక్టరు గారు ఓపిక మనిషి. నేను కాస్త తేరుకున్నాక నాన్నని కూర్చోబెట్టి చెప్పారు. “పిల్లలకొచ్చే ఈ షుగర్ వేరండీ. తిండి వల్ల రాదు. మన ఒంట్లో కాపలా కాసే కణాలే, ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని దొంగలనుకుని కొట్టేస్తాయి. అలా ఎందుకు చేస్తాయంటే, కొందరిలో ఏదో ఒక వైరస్ వచ్చి వాటిని రెచ్చగొట్టి ఉండొచ్చు.”

“అయితే మా అమ్మాయికి ఆ జ్వరం వల్లే వచ్చిందంటారా అండీ?” అన్నాడు నాన్న.

“అయ్యుండొచ్చండి. ముందే లోపల మొదలై ఉండొచ్చు కూడా. ఫలానా జ్వరం వల్లే అని ఎవరూ చెప్పలేరు.”

ఆ “ఉండొచ్చు” మా ఇంటిదాకా రాలేదు. కారు రామచంద్రపురం చేరేసరికి దారిలోనే ఎక్కడో జారిపోయింది. చుట్టాలకి ఫోన్లో నాన్న “జ్వరం వల్ల వచ్చిందటండీ” అని చెప్పేశాడు. మామ్మ ఇంకో అడుగు ముందుకేసింది. జ్వరాన్ని దాని మానాన పోనివ్వకుండా సూదులు పొడిపించి తరిమేశామనీ, అందుకే అది పోతూ పోతూ పిల్ల ఒంట్లో చిచ్చు పెట్టి పోయిందనీ తేల్చేసింది. ఎవరెంత చెప్పినా వినలేదు. అప్పటి నుంచీ బొండాల ఊసు మాత్రం మళ్ళీ ఎత్తలేదు. తను పోసిన నీళ్ళ సంగతి ఆవిడకి లోపల గుచ్చుకుంటూనే ఉండేదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఇక సూది, అంటే ఇన్సులిన్. మూడు పూటలా తిండికి ముందోసారి, పడుకోబోయే ముందోసారి. పెన్నులాంటిదే, పెద్ద నొప్పి ఏమీ ఉండదు. అయినా నాకు పరమ అసహ్యం. టైమయ్యేసరికి డాబా మీదికో, పక్కింటికో పారిపోయేదాన్ని. అమ్మ నన్ను వెతికి పట్టుకుని, బతిమాలి, తిట్టి, ఒక్కోసారి తనూ ఏడ్చి పొడిచేది. నా అంతట నేను చేయి చాపిన రోజు లేదు. “ఏం పిల్లవే బాబూ, నా ప్రాణం తోడేస్తున్నావు” అనేది.

పదో తరగతి పరీక్షల ముందు నాకు ఆటలమ్మ పోసింది. పొద్దున లేచేసరికి మెడ మీద, పొట్ట మీద నీటి పొక్కులు. మామ్మ చూడగానే చెంపలేసుకుంది. అరగంటలో గుమ్మానికి వేపమండలు కట్టింది, నా పక్క మీద వేపాకు పరిచింది, వంటింట్లో తాలింపు ఆపించింది. మా వైపు ఆటలమ్మ వస్తే పిల్లలో సాక్షాత్తూ అమ్మవారు ఉన్నట్టే. పిల్లని తిట్టకూడదు, అడిగింది కాదనకూడదు. మా పెద్దమ్మ కూతురికి ఆటలమ్మ వచ్చినప్పుడు సైకిలు కావాలంది. పొక్కులు ఎండకముందే సైకిలు వచ్చేసింది. అది చూసి నాకెప్పుడొస్తుందా అని ఎదురు చూసినదాన్ని నేను.

అమ్మ మామూలుగా ఫ్రిజ్‌లోంచి పెన్ను తీసుకుని వచ్చింది. మామ్మ గుమ్మంలో అడ్డంగా కూర్చుంది.

“అమ్మవారు దిగి వెళ్ళేదాకా ఈ ఇంట్లో సూది అనే మాట వినపడకూడదు.”

“అత్తయ్యగారూ, అది మానితే ఎలా అండీ? డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకూడదట. ఇలాంటప్పుడు ఇంకాస్త ఎక్కువే కావాల్సి రావచ్చన్నారు.”

“అప్పుడు మీ డాక్టర్ల మాట విని మామూలు జ్వరానికి పొడిపిస్తేనే జన్మంతా ఉండిపోయే రోగం అంటించి పోయింది. ఇప్పుడు వచ్చింది అమ్మవారు. ఈవిడకి కోపమొస్తే పిల్ల మనకి దక్కుతుందా? నువ్వే చెప్పు.”

అమ్మ నాన్న వంక చూసింది. ఎరువుల కొట్లో పదిమందిని గదమాయించే మా నాన్న వాళ్ళమ్మ ముందు నీళ్ళు నమిలాడు. “ఒక్కపూట చూద్దాంలే” అని కొట్టుకి వెళ్ళిపోయాడు. అమ్మ పెన్ను పట్టుకుని వంటింట్లోకి పోయింది. నిజం చెప్పొద్దూ, నాకు పండగలా ఉంది. మూడేళ్ళలో సూది లేని మొదటి పొద్దు అది. చల్లటి పెరుగన్నం తిని, వేపాకు మీద హాయిగా పడుకున్నాను.

మధ్యాహ్నం కూడా సూది లేదు. ఎండ కాస్త వాలేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. చెంబెడు నీళ్ళు తాగాను. మళ్ళీ తాగాను. బాత్రూముకెళ్ళి వచ్చి మళ్ళీ చెంబు అందుకుంటుంటే చెయ్యి ఆగిపోయింది. ఆ దాహం నాకు తెలుసు. ఎంత తాగినా గొంతు దాటి లోపలికి పోనట్టుండే ఆ దాహం, ఏడో తరగతిలో వచ్చిందే. దాని తర్వాత ఏమొస్తుందో కూడా తెలుసు. కడుపులో అప్పుడే తిప్పడం మొదలైంది. నాకు చచ్చేంత భయమేసింది.

నా నీళ్ళ చెంబు చూసి మామ్మ లేచి వెళ్ళింది. గ్లాసుతో వచ్చింది. బొండం నీళ్ళు. అమ్మవారికి చలవ చేస్తుందని ఎవరినో పంపి తెప్పించింది.

“తాగు తల్లీ. ఇంకేం కావాలో అడుగు. ఏదైనా సరే అడుగు.”

“సూది కావాలి మామ్మా.”

మామ్మ గ్లాసు కింద పెట్టింది. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించింది. “అడుగుతున్నది అమ్మవారా? నువ్వా?” అంది.

అమ్మవారినని చెబితే సరిపోయేది. సైకిలు కంటే తేలిగ్గా వచ్చేసేది. మామ్మకి పాపభయం ఉండేది కాదు, నాకూ గొడవ ఉండేది కాదు. కానీ ఆ మొహం చూస్తూ అబద్ధం నోట రాలేదు.

“నేనేనే మామ్మా. నాకు చచ్చిపోవాలని లేదు” అన్నాను. అని, భోరున ఏడ్చేశాను.

మామ్మ గోడ పట్టుకుని లేచి, వంటింట్లోకి వెళ్ళి, ఫ్రిజ్ తలుపు తీసి, ఎన్నడూ ముట్టుకోని ఆ పెన్ను తనే తీసుకొచ్చింది. నా చేతిలో పెట్టి గుమ్మానికున్న వేపమండల వైపు తిరిగింది. “తల్లీ, పొడిపించింది నేను. పిల్లకేం తెలీదు. కోపముంటే నా మీద చూపించు” అని దణ్ణం పెట్టింది. అమ్మ పెరట్లోంచి పరుగున వచ్చి, వేలి చుక్కతో షుగర్ చూసి, ఫోన్లో డాక్టరు గారు ఎంత డోసు చెప్పారో పెన్ను అంతకి తిప్పి నాకిచ్చింది. ఎవరూ పట్టుకోకుండా నా అంతట నేను పొడుచుకోవడం అదే మొదలు. ఆ తర్వాత అమ్మ చేత ఎప్పుడూ వెతికించుకోలేదు.

పొక్కులు మాడిపోయాయి, నాకు తలకి పోశారు, అమ్మవారిని సాగనంపారు. పరీక్షలు రాశాను, పాసయ్యాను. ఆ జ్వరం వల్లే నాకు షుగరొచ్చిందా అంటే ఇప్పటికీ నాకు తెలియదు. ఎవరైనా ఆ మాటంటే “ఉండొచ్చు” అంటాను, అంతకు మించి ఒక్క ముక్క కూడా అనను.

మామ్మ మాత్రం ఆ వేసవంతా పొద్దున్నే వీధరుగు మీద వెలుగులో కూర్చుని, కొంగు పక్కకి జరుపుకుని చేతులూ మెడా తడుముకుంటూ ఉండేది. పొక్కు లేచిందేమోనని వెతుక్కునేది. నేను చూస్తున్నానని తెలియగానే కొంగు కప్పేసుకునేది.

“ఏం చూస్తున్నావు మామ్మా?” అన్నాను ఓ రోజు.

“ఏం లేదులేవే. నీ సూది అయ్యిందా?” అంది.